మొదటి ముక్క వేయకముందు

డమ్మీ ముక్కలు బల్ల మీద పరవగానే చాలామందికి చెయ్యి ఆగదు. వెస్ట్ ఇస్పేటు లీడ్ చేశాడు. డమ్మీలో ఇస్పేట్లు రెండూ చిన్నవే, కాబట్టి ఆలోచించాల్సింది ఏముంది అనుకుని "చిన్నది వెయ్యి" అంటారు. ఈస్ట్ రాణి వేస్తాడు. చేతిలో ఆసు ఉంది కదా, ఠక్కున వేసి ట్రిక్కు లాక్కుంటారు. అప్పుడు వెనక్కి జారగిలబడి, కళ్లు చిట్లించి, ఏం చెయ్యాలా అని ఆలోచన మొదలుపెడతారు. అప్పటికే కాంట్రాక్ట్ చేయి దాటిపోయి ఉండొచ్చు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. బ్రిడ్జిలో డిక్లేరర్ ఆలోచించాల్సిన సమయం డమ్మీ పరిచిన క్షణానికీ, డమ్మీలోంచి మొదటి ముక్క అడిగే క్షణానికీ మధ్య ఉంటుంది. ఆ తరువాత చేసేది ఎక్కువగా అమలు మాత్రమే. ఆట నేర్పే పుస్తకాలన్నీ ఈ మాట చెబుతాయి. చదివినవాళ్లంతా ఒప్పుకుంటారు. బల్ల దగ్గర కూర్చున్నాక పాటించేవాళ్లు మాత్రం తక్కువ. నిర్ణయం తీసుకోవడం గురించి ఇంత పుస్తకం రాస్తూ ఒక అధ్యాయం పేకకు ఇవ్వడానికి కారణం కూడా అదే. ఉద్యోగం మారాలా, ఇల్లు కొనాలా అన్న నిర్ణయాల్లో తప్పు ఎక్కడ జరిగిందో తెలియడానికి ఏళ్లు పడుతుంది. బ్రిడ్జిలో పది నిమిషాల్లో నాలుగు చేతులూ బల్ల మీదికి వస్తాయి. మీ ఆలోచన ఎక్కడ తప్పిందో, అసలు తప్పిందో లేదో, అక్కడే కనిపిస్తుంది.

ఆట తెలియనివారికి నాలుగు మాటలు. నలుగురు ఆడతారు, వాళ్లను దిక్కుల పేర్లతో పిలుస్తారు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు భాగస్వాములు. యాభైరెండు ముక్కలు తలా పదమూడు పంచుతారు. నలుగురూ తలా ఒక ముక్క వేసే రౌండును ట్రిక్కు అంటారు. తమ జంట ఎన్ని ట్రిక్కులు గెలవగలదో బిడ్డింగ్‌లో పాడుతారు. మూడు నోట్రంప్ అంటే తురుపు లేకుండా తొమ్మిది ట్రిక్కులు. నాలుగు ఇస్పేట్లు అంటే ఇస్పేటు తురుపుగా పది. పాట గెలిచిన జంటలో ఆ సూట్ మొదట పలికినవాడు డిక్లేరర్. అతని ఎడమవైపు మనిషి మొదటి ముక్క లీడ్ చేశాక డిక్లేరర్ భాగస్వామి తన ముక్కలు బల్ల మీద పరిచి చేతులు కట్టుకు కూర్చుంటాడు. అతనే డమ్మీ. రెండు చేతులూ డిక్లేరరే ఆడతాడు. ఇప్పుడు మనం ఆడే కాంట్రాక్ట్ బ్రిడ్జికి ఈ రూపం 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికన్ ఓడ ప్రయాణంలో ఇచ్చాడు.

మన ఇళ్లలో పేకాట అంటే రమ్మీయే. సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడటం గురించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటుంది. 1968 నాటి లా రిపోర్టుల్లో కనిపిస్తుంది. రమ్మీ ప్రధానంగా నేర్పు మీద నడిచే ఆట అని కోర్టు తేల్చింది. అందులో అదృష్టం పాలు ఎంత అని చెప్పడానికి న్యాయమూర్తులు కొలమానంగా తీసుకున్నది బ్రిడ్జినే. ముక్కలు కలిపి పంచే ప్రతి ఆటలోనూ ఆ మాత్రం అదృష్టం ఉంటుందన్నారు. రమ్మీ బాగా ఆడేవారికి బ్రిడ్జి త్వరగా పట్టుబడుతుందని నా నమ్మకం. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం వాళ్లకు అలవాటే. ఒక్క తేడా మాత్రం వాళ్లు బాగా గ్రహించాలి. రమ్మీలో పేక తీస్తూ, పారేస్తూ, వచ్చిన ముక్కను బట్టి ప్లాన్ మార్చుకుంటూ పోవచ్చు. బ్రిడ్జిలో డిక్లేరర్‌కు తన పదమూడు, డమ్మీ పదమూడు, లీడ్ చేసిన ముక్క ఒకటి, మొత్తం ఇరవైఏడు ముక్కలు ఆట మొదట్లోనే కనిపిస్తాయి. సగానికి పైగా సమాచారం ముందే చేతికి వచ్చింది. దాన్ని చదవకుండా ముక్క వేయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక బల్ల దగ్గరికి వద్దాం. మీరు సౌత్, కాంట్రాక్ట్ మూడు నోట్రంప్. వెస్ట్ ఇస్పేటు 5 లీడ్ చేశాడు.

డమ్మీ: ఇస్పేటు 8, 4. ఆఠీను ఆసు, 7, 3. డైమన్ ఆసు, రాణి, 10, 9, 5. కళావరు రాజు, 6, 4.

మీ చేయి: ఇస్పేటు ఆసు, 7, 2. ఆఠీను రాజు, రాణి, 4. డైమన్ జాకీ, 8, 3. కళావరు ఆసు, 9, 5, 3.

నోట్రంప్‌లో ముందుగా లెక్కపెట్టాల్సింది ఖాయంగా వచ్చే ట్రిక్కులు, అంటే లీడ్ ఎదుటివాళ్లకు ఇవ్వకుండా ఇప్పటికిప్పుడు తీసుకోగలిగినవి. ఇస్పేటులో ఒకటి, ఆఠీనులో మూడు, డైమన్‌లో ఆసు ఒకటి, కళావరులో రెండు. ఏడు. కావలసినవి తొమ్మిది. లోటు రెండు. ఈ అంకె పెదవుల మీద కాకుండా మనసులో స్పష్టంగా పలకాలి. "ఏడున్నాయి, రెండు కావాలి." అలా అనుకోగానే రెండో ప్రశ్న దానంతటదే పుడుతుంది. ఆ రెండూ ఎక్కడినుంచి?

డైమన్ల నుంచి. జాకీ వేసి ఫినెస్ చేస్తే, అంటే వెస్ట్ రాజు వేయనప్పుడు డమ్మీలోంచి చిన్నది వేస్తే, రాజు వెస్ట్ దగ్గర ఉంటే ఐదు డైమన్లూ మనవే. ఈస్ట్ దగ్గర ఉంటే ఒకటి పోయి నాలుగు వస్తాయి. నాలుగు వచ్చినా మొత్తం పది. అంటే ఫినెస్ గెలిచినా ఓడినా కాంట్రాక్ట్‌కు సరిపోతుంది! చాలామంది ఇక్కడికి రాగానే నిట్టూర్చి ఆట మొదలుపెట్టేస్తారు. ఎలా గెలుస్తానన్న ప్రశ్నకు జవాబు దొరికింది కదా అని. ఎలా ఓడిపోవచ్చు అన్న ప్రశ్న అడగరు. నా దృష్టిలో మంచి డిక్లేరర్‌ను తయారుచేసేది ఈ చివరి ప్రశ్నే.

ఎదుటివాళ్లకు ఐదు ట్రిక్కులు వస్తే మీరు ఓడినట్టు. డైమన్ రాజు ఒకటి. మిగతా నాలుగు ఎక్కడ? ఇస్పేట్లలో. వాళ్ల దగ్గర ఇస్పేట్లు ఎనిమిది. వెస్ట్‌కు ఐదు, ఈస్ట్‌కు మూడు ఉన్నాయనుకోండి. వెస్ట్ చేతిలో రాజు, జాకీ, 9, 5, 3. ఈస్ట్ చేతిలో రాణి, 10, 6. మీరు మొదటి ట్రిక్కులోనే ఆసు వేసి గెలిచారు. డైమన్ జాకీ వేస్తే ఈస్ట్ రాజుతో కొట్టాడు. అతని దగ్గర ఇంకా రెండు ఇస్పేట్లున్నాయి. పది వేస్తాడు, ఆరు వేస్తాడు, వెస్ట్ మిగిలినవన్నీ లాగేస్తాడు. నాలుగు ఇస్పేట్లు, ఒక డైమన్. ఒక్క ట్రిక్కుతో పోయారు. చేతిలో ఇంత బలం పెట్టుకుని ఓడిపోయారు.

ఇప్పుడు ఆసు దాచండి. రాణి మీద 2 వేయండి. ఈస్ట్ పది వేస్తే 7 ఇవ్వండి. మూడోసారి వచ్చినప్పుడు ఆసు వేయండి. ఈస్ట్ చేతిలో ఇక ఇస్పేటు లేదు. ఇప్పుడు డైమన్ జాకీ. ఈస్ట్ రాజుతో గెలిచినా వెస్ట్‌కు దారి వేయలేడు. వెస్ట్ రెండు గెలిచే ఇస్పేట్లు పట్టుకుని చివరిదాకా చూస్తూ కూర్చుంటాడు. మీకు పది ట్రిక్కులు. ఇస్పేట్లు నాలుగు నాలుగుగా ఉంటే? అప్పుడు వాళ్లకు మూడు ఇస్పేట్లు, ఒక డైమన్. మీకు తొమ్మిది. ఎటు తిరిగినా గట్టెక్కారు.

ఆసును ఎన్నిసార్లు దాచాలి అన్నదానికి ఆటగాళ్లు వాడే చిన్న లెక్క ఉంది. ఆ సూట్‌లో మన రెండు చేతుల్లోని ముక్కలు కూడి ఏడులోంచి తీసేయండి. ఇక్కడ మూడూ రెండూ ఐదు. ఏడులోంచి ఐదు పోతే రెండు. రెండుసార్లు దాచాలి. లెక్క సులువే గానీ దాన్ని గుడ్డిగా వాడకండి. ఇదే డీల్‌లో డమ్మీ డైమన్లు మీ చేతికీ, మీ డైమన్లు డమ్మీకీ మార్చి చూడండి (లెక్క పదమూడుకు సరిపోయేలా మీ చిన్న కళావర్లు రెండు డమ్మీకి ఇవ్వండి). ఇప్పుడు ఫినెస్ ఓడితే లీడ్ వెళ్లేది వెస్ట్‌కు, ఇస్పేట్లు పట్టుకున్నవాడికే. ఆసు ఎన్నిసార్లు దాచినా అతనికి అడ్డం లేదు. కాబట్టి దాచడం వెనకున్న అసలు ప్రశ్న, ఇద్దరిలో ఎవరు ప్రమాదం, నేను ఓడిపోబోయే ట్రిక్కు ఎవరికి వెళుతుంది అన్నది. అంకె దాని తరువాతే.

గమనించారా, ఈ డీల్ మొత్తం మొదటి ట్రిక్కులో మీరు వేసే ఇస్పేటు 2 మీద నిలబడింది. రెండో ట్రిక్కులో ఎంత గొప్పగా ఆలోచించినా అప్పటికే వేసిన ఆసు తిరిగి చేతికి రాదు.

మొదటి ట్రిక్కు ఏ చేత్తో గెలవాలన్నది కూడా ఇలాంటిదే. డమ్మీలో డైమన్లు రాజు, రాణి, జాకీ, 10, 5. మీ చేతిలో 8, 3. కళావరు రాణి లీడ్ అయింది. మీకు కళావరు ఆసు, 6. డమ్మీలో రాజు, 4. డమ్మీలో ఈ రాజు తప్ప వేరే గెలిచే ముక్క లేదు. అలవాటు కొద్దీ రాజుతో గెలిచి డైమన్లు మొదలుపెడితే, ఎదుటివాడు ఆసును ఒకసారి దాచి రెండోసారి కొడతాడు. మీ చేతిలో డైమన్లు అయిపోయాయి. డమ్మీలో గెలిచే డైమన్లు మూడు మిగిలాయి, అక్కడికి వెళ్లే ముక్క లేదు. ఊరికి రోజుకు ఒక్కటే బస్సు అయినప్పుడు, పని లేకుండా పొద్దున్నే దాన్ని పంపేస్తే సాయంత్రం నడవాలి. కళావరు ఆసుతో చేతిలో గెలవండి. రాజును అక్కడే ఉంచండి.

తురుపు ఉన్న కాంట్రాక్ట్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ గెలిచేవి కాక ఓడేవి లెక్కపెట్టడం నాకు తేలికగా అనిపిస్తుంది. నాలుగు ఇస్పేట్లు ఆడుతున్నారు. ఆఠీను రాణి లీడ్.

డమ్మీ: ఇస్పేటు 9, 7, 4. ఆఠీను 6, 3. డైమన్ ఆసు, 9, 5, 2. కళావరు రాజు, 8, 4, 3.

మీ చేయి: ఇస్పేటు రాజు, రాణి, జాకీ, 10, 6. ఆఠీను ఆసు, 8, 5. డైమన్ రాజు, 4, 3. కళావరు ఆసు, 7.

పోయేవి: ఇస్పేటు ఆసు ఒకటి, ఆఠీన్లు రెండు, డైమన్ ఒకటి. నాలుగు. పోగొట్టుకోవడానికి వీలున్నవి మూడే. ఒకటి తగ్గాలి. ఎక్కడ? డమ్మీలో ఆఠీన్లు రెండే ఉన్నాయి, మీకు మూడు. మూడో ఆఠీనును డమ్మీ తురుపుతో కొట్టవచ్చు. అదే పదో ట్రిక్కు.

"ముందు తురుపులు లాగేయాలి" అని ఆట నేర్పేటప్పుడు అందరికీ చెబుతారు. మంచి సలహాయే, ఎక్కువ డీల్స్‌లో పనికొస్తుంది కూడా. కానీ ఈ డీల్‌లో ముందే ఇస్పేటు రాజు వేసి చూడండి, ఏమవుతుందో. ఆసుతో గెలిచినవాడు ఇంకో ఇస్పేటు తిరగవేస్తాడు. డమ్మీలో తురుపు ఒకటే మిగిలింది. మీరు ఆఠీను ఇస్తారు, వాళ్లు గెలిచి మూడో ఇస్పేటు వేస్తారు. డమ్మీ తురుపులు ఖాళీ. కొట్టాల్సిన ఆఠీను మీ చేతిలో అలాగే ఉంది. కాబట్టి తురుపులు లాగే ముందు డమ్మీ తురుపులతో నాకు పనుందా అని అడగాలి. పనుంటే ఆ పని ముందు. ఆఠీను ఆసుతో గెలిచి వెంటనే ఆఠీనే వేయండి. వాళ్లు గెలిచి ఇస్పేటు ఆసు, ఇంకో ఇస్పేటు వేసినా డమ్మీలో ఒక తురుపు మిగులుతుంది. ఆ మిగిలే తురుపు ఏది కావాలి? 4, 7 పోనిచ్చి 9 ఉంచుకోండి. బయట ఉన్న ఇస్పేట్లు ఆసు, 8, 5, 3, 2. ఆసు పోయాక 9ని మించే ముక్క వాళ్ల దగ్గర లేదు. మూడో ఆఠీనును 9తో కొడితే దాని మీద ఎవరూ కొట్టలేరు. డమ్మీలోని మూడు చిన్న ముక్కల్లో ఏది ఎప్పుడు వేయాలో కూడా ముందే తేల్చుకోవాలంటే ఇందుకే.

తరువాత కొంచెం లెక్కల సంగతి. కనిపించని ముక్కలు ఎలా చీలి ఉంటాయన్నది అదృష్టం అనుకుంటారు గానీ, అదృష్టానికీ శాతాలున్నాయి. ఒక సూట్‌లో ఎదుటివాళ్లకు ఐదు ముక్కలుంటే అవి 3-2గా చీలే అవకాశం 68 శాతం, 4-1గా 28, 5-0గా 4. ఆరు ఉంటే 3-3 కేవలం 36 శాతమే. 4-2 అంతకంటే ఎక్కువ, 48. నాలుగు ఉంటే సమంగా 2-2 అనుకోవడం పొరపాటు. అది 41 శాతం, 3-1 అయితే 50. ఈ మూడు వరసలు కంఠస్థం చేస్తే చాలు. మిగతావి అవసరం పడినప్పుడు నేర్చుకోవచ్చు.

వీటిని వాడేది ఇలా. మీకు ఒక్క అదనపు ట్రిక్కు కావాలి. రెండు దారులున్నాయి. ఆఠీన్లు డమ్మీలో ఆసు, రాజు, జాకీ, 6, 3, మీ చేతిలో 9, 5, 2. కళావర్లు డమ్మీలో ఆసు, రాణి, మీ చేతిలో రెండు చిన్నవి. ఏ ఫినెస్ ఓడినా కాంట్రాక్ట్ పోతుంది. ఏదో ఒకటి ఎంచుకుని పణంగా పెట్టేస్తే అవకాశం సగమో, సగం కంటే కొంచెం ఎక్కువో. ఎంచుకోకండి, వరసలో పెట్టండి. ముందు ఆఠీను ఆసు, రాజు వేయండి. రాణి రెండు రౌండ్లలో పడిపోయే అవకాశం మూడింట ఒక వంతు దాకా ఉంది. పడితే కళావరు జోలికే వెళ్లక్కర్లేదు. పడకపోతే అప్పుడు కళావరు ఫినెస్. లీడ్ వదులుకోకుండా మొదటి అవకాశం చూసి, ఆ తరువాత రెండోదానికి వెళ్లారు కాబట్టి మొత్తం కలిపి మూడింట రెండు వంతులకు చేరుతుంది. ముక్కలు మారలేదు, వాటి వరస మారింది. నాకు ఈ ఆటలో అన్నింటికంటే ఇష్టమైన ఆలోచన ఇదే.

బిడ్డింగ్ కూడా మరచిపోకండి. ముక్కలు పంచిన వెస్ట్ మొదట్లో పాస్ అన్నాడు. ఆట నడుస్తుండగా అతని దగ్గర ఇస్పేటు ఆసు, రాజు, ఆఠీను రాణి, జాకీ బయటపడ్డాయి. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున పది పాయింట్లు. కళావరు రాజు కూడా అతనిదే అయితే పదమూడు. పదమూడుతో ఎవరూ పాస్ అనరు. రాజు ఈస్ట్ దగ్గరే ఉంది. అప్పుడు 50 శాతం ఫినెస్ అనే మాటకు అర్థం లేదు, అది ఓడిపోయే ఫినెస్. వేరే దారి వెతకండి.

ఇంత ఆలోచిస్తే సమయం చాలదేమో అని భయపడతారు. టోర్నమెంట్లలో ఒక్కో డీల్‌కు ఏడెనిమిది నిమిషాలిస్తారు. అందులో మొదటి ట్రిక్కు ముందు ఒక నిమిషం తీసుకున్నవాడు మిగతా ఆటలో మూడు నిమిషాలు ఆదా చేస్తాడు. మధ్యలో ఆగి తల గోక్కునే పని ఉండదు. డమ్మీలో ఆ సూట్ ఒకే ముక్క ఉన్నా, వేయడానికి వేరే దారి లేకపోయినా, అప్పుడు కూడా ఆగండి. ఆ ముక్క గురించి ఆలోచించేదేమీ లేదు నిజమే. మిగతా పన్నెండు ట్రిక్కుల గురించి ఉంది.

మంచి ప్లాన్ కూడా ఓడుతుంది. 68 శాతం అంటే మూడింట ఒకసారి దాదాపు ఓడిపోవడమే. ఓడినప్పుడల్లా ప్లాన్ తప్పనుకుంటే త్వరలోనే ప్లాన్ వేయడం మానేస్తారు. ఈ విషయంలో డూప్లికేట్ బ్రిడ్జి గొప్ప గురువు. అందులో అవే ముక్కలు ప్రతి బల్ల దగ్గరా ఆడతారు. మీ చేతికి వచ్చిన ముక్కలే ఇంకొకరికీ వచ్చాయి, వాళ్లేం చేశారో చూడొచ్చు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల జంటల పోటీలో మన ఆటగాళ్లు ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ స్వర్ణం గెలిచినప్పుడు వాళ్ల వయసు అరవై, యాభైఆరు. ముక్కల అదృష్టాన్ని అందరికీ సమానం చేసిన ఆటలో, ఆ వయసులో, దేశానికి పతకం తెచ్చారు. అప్పటికప్పుడు తోచిన నిర్ణయాలు కాకుండా లెక్క వేసిన నిర్ణయాలు తీసుకునేవారికి వయసు అడ్డం కాదని దానికంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

ఇంట్లో ఒంటరిగా సాధన చేయాలనుకుంటే ఒక పేక చాలు. కలిపి నాలుగు చేతులు పంచండి. రెండు తెరిచి పెట్టండి, రెండు మూసి ఉంచండి. మూసినవాటిలో ఎడమ చేతిలోంచి చూడకుండా ఒక ముక్క తీసి లీడ్‌గా వేయండి. కాగితం మీద మూడు వాక్యాలు రాయండి. ఎన్ని ఉన్నాయి, ఎన్ని కావాలి, ఏది నన్ను ఓడించగలదు. రాశాకే మిగతా చేతులు తెరవండి. ప్లాన్ ఫలించిందా లేదా అన్నది పక్కనపెట్టి, మూడో వాక్యంలో మీరు రాయని ప్రమాదం ఏదైనా బయటపడిందా చూసుకోండి. బయటపడితే దాన్ని నాలుగో వాక్యంగా చేర్చండి.

పేక తీసే ముందు దీనితో మొదలుపెట్టండి. మీకు నోట్రంప్‌లో ఐదు డైమన్ ట్రిక్కులు కావాలి. డమ్మీలో డైమన్లు ఆసు, రాజు, 7, 6, 4, 2. మీ చేతిలో 8, 3. డమ్మీకి డైమన్లు తప్ప మరో దారి లేదు. మిగతా సూట్లన్నింట్లో మీకు గట్టి కాపలా ఉంది. బయటి ఐదు డైమన్లు 3-2గా చీలాయనుకోండి. మీరు 3 వేశారు, వెస్ట్ చిన్నది వేశాడు. డమ్మీలోంచి ఏ ముక్క అడుగుతారు?